కొత్త ఉద్యోగంలో చేరాను, జీతం పెరిగింది, చేతిలో మాత్రం డబ్బు ఆడట్లేదు. 24 నెలల్లో 5 లక్షలు కూడబెట్టాలి, ఎలా?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
విజయవాడలో చేసే ఉద్యోగం 2025 అక్టోబరు 24న వదిలేసి 27న హైదరాబాద్‌లో చేరాను. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 9,60,000 అని ఉంది. నెలకు 80 వేలు అనుకున్నాను. హెచ్‌ఆర్ ఇచ్చిన లెక్కలో చేతికొచ్చేది 61 వేల చిల్లర. పైగా పేరోల్ కటాఫ్ (ఆ నెల జీతాల లెక్క మూసే రోజు) 20వ తేదీ అట, మొదటి జీతం నవంబరు 30నే. పాత కంపెనీ అక్టోబరు జీతం ఆపేసింది, ఫుల్ అండ్ ఫైనల్ (మానేశాక చేసే చివరి లెక్క)లో 45 రోజులకు ఇస్తారట. చేతిలో 31,000 ఉంది.
నెల ఖర్చు: రూము 9,500, తిండి, కరెంటు 8,000, బస్సు మెట్రో 2,500, ఇంటికి 10,000, చిట్టీ 5,000 (లక్ష చిట్టీ, 20 నెలలు, 8 కట్టాను, పాడలేదు), బైక్ ఈఎంఐ 3,200 (ఇంకా 10 ఉన్నాయి), సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 4,000. మొత్తం 42,200.
ఊళ్లో పెంకుటిల్లు తీసేసి స్లాబు వేయాలి. 2027 డిసెంబరుకు 5 లక్షలు కావాలి. పాత పీఎఫ్‌లో 1,60,000 ఉంది, సర్వీసు 3 ఏళ్ల 4 నెలలు. అది తీసేసి ఇప్పుడు వాడుకుని, మిగిలింది పీపీఎఫ్‌లో వేద్దామని ఆలోచన. సరైనదేనా?

పీఎఫ్_పెద్దన్న
ఆగు తమ్ముడూ, పీఎఫ్ ముట్టుకోకు. మొత్తం తీసేద్దామన్నా కుదరదు. ఫారం 19తో మొత్తం తీసుకోవడం ఉద్యోగం లేకుండా ఉన్నవాళ్లకు. నువ్వు మూడో రోజే ఇంకో పీఎఫ్ ఉన్న కంపెనీలో చేరావు. నీకు సరైన దారి బదిలీయే.

నెలాఖరు_నాగమణి
చాలామంది కొత్త కంపెనీ సంగతి చెప్పకుండా క్లెయిమ్ పెడుతున్నారుగా అన్నా?

పీఎఫ్_పెద్దన్న
యూఏఎన్ (పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే నంబరు) ఒకటే కదా నాగమణీ. కొత్త కంపెనీ మొదటి నెల డబ్బు వేయగానే రెండో మెంబర్ ఐడీ సర్వీస్ హిస్టరీలో కనబడుతుంది. క్లెయిమ్ తిరిగొస్తుంది. ఒకవేళ వచ్చినా, అయిదేళ్ల సర్వీసు లేకుండా 50,000 దాటి తీస్తే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను). 1,60,000 మీద 16,000 అక్కడే ఆగిపోతుంది.

లెక్కల_మాస్టారు
చిన్న సవరణ. ఇతని ఆదాయం కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపే, కాబట్టి ఆ 16,000 రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. అసలు నష్టం టీడీఎస్‌లో లేదు. 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చిన ఖాతా మూసేయడం ఒక నష్టం, అయిదేళ్ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవడం రెండోది. బదిలీ చేస్తే పాత 3 ఏళ్ల 4 నెలలు కలుస్తాయి. ఇంకో 20 నెలలకు అయిదేళ్లు నిండుతాయి.

హెచ్‌ఆర్_లోపలి_మాట
80 వేలు ఎక్కడికి పోయిందో ముందు చూద్దాం, ఇది ప్రతి కొత్త ఉద్యోగికీ వచ్చే అనుమానమే. బేసిక్ 40 శాతం అనుకుంటే 32,000. సీటీసీలో (కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చులో) కంపెనీ వాటా పీఎఫ్ 3,840, గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం కింద 1,539, వేరియబుల్ 10 శాతం ఉంటే నెలకు 8,000, గ్రూప్ ఇన్సూరెన్స్ కింద ఓ 1,000. ఇవి తీసేస్తే గ్రాస్ 65,621. అందులో నీ వాటా పీఎఫ్ 3,840, వృత్తి పన్ను 200 పోతే 61,581. నీకు చెప్పిన అంకెకు సరిపోయింది చూడు.
ఇందులో గ్రాట్యుటీ అయిదేళ్లు ఉంటేనే. వేరియబుల్ ఏడాది చివర, అదీ రేటింగును బట్టి. ఈ రెండూ నీ స్లాబు లెక్కలోకి రానివ్వకు. అక్టోబరు తర్వాత చేరినవాళ్లకు ఏప్రిల్ ఇంక్రిమెంటు ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో అర్హత తేదీ వెతుకు.

చిట్టీల_చిన్నక్క
ఈ నెల గడవడం సంగతి ఎవరూ మాట్లాడరేం? 31,000 పెట్టుకుని 42,200 ఖర్చు అంటున్నాడు పాపం.

లెక్కల_మాస్టారు
చిన్నక్క అడిగింది న్యాయం. సిప్ తేదీ ఎప్పుడు?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
25వ తేదీ మాస్టారూ.

లెక్కల_మాస్టారు
అయితే టైముంది. ఫండ్ యాప్‌లో సిప్ పాజ్ ఉంటుంది, ఒక నెలకు పెట్టు. సాధారణంగా తేదీకి పది పన్నెండు రోజుల ముందే అడగాలి, కాబట్టి ఇవాళే చెయ్యి. ఇంటికి పంపే 10,000 ఈ ఒక్కసారి డిసెంబరు 1న పంపుతానని అమ్మానాన్నలకు చెప్పు. 42,200లో 14,000 తగ్గితే 28,200. నీ 31,000లో గడుస్తుంది. చిట్టీ, ఈఎంఐ మాత్రం ఆపకూడదు.

అమీర్‌పేట_అద్దె
క్రెడిట్ కార్డు ఏటీఎంలో పెట్టి క్యాష్ తీయకు బ్రో. తీసిన రోజు నుంచే వడ్డీ, నెలకు 3 శాతం పైనే, దానికి తోడు క్యాష్ ఫీజు.

హెచ్‌ఆర్_లోపలి_మాట
ఇంకో మాట. కటాఫ్ దాటి చేరినవాళ్లకు జీతం అడ్వాన్సు ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది, అడగనిదే ఎవరూ చెప్పరు. పేరోల్‌కు మెయిల్ పెట్టు: చేరిన తేదీ, కటాఫ్ తేదీ, కావలసిన మొత్తం, ఏ జీతంలో కోసుకోవచ్చో. నాలుగు లైన్లు చాలు. కొత్తలో అడిగితే చులకన అవుతామన్న భయం వద్దు, పేరోల్ వాళ్లకు ఇది రోజూ వచ్చే అభ్యర్థనే.

బెంజిసర్కిల్_బాబి
ఈఎంఐ, సిప్ ఏ ఖాతా నుంచి పోతున్నాయి? పాత జీతం ఖాతా అయితే జాగ్రత్త. కొన్ని నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ కింద మారుస్తుంది, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు. అక్కడి నుంచి మినిమం బ్యాలెన్స్ లేకపోతే కోత.

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
రెండూ పాత ఖాతానే. కొత్త కంపెనీ వేరే బ్యాంకులో తెరిచింది.

బెంజిసర్కిల్_బాబి
అయితే ఈ వరస తప్పకు. ముందు పాత ఖాతాలో రెండు నెలల ఈఎంఐకి సరిపడా ఉంచు. బైక్ ఫైనాన్స్ వాళ్లకు కొత్త ఖాతా మీద ఈ-మాండేట్ (నెలనెలా వాళ్లే కోసుకునే అనుమతి) ఇవ్వు, నెట్ బ్యాంకింగ్‌తోనో డెబిట్ కార్డుతోనో అవుతుంది. మొదటి ఈఎంఐ కొత్త ఖాతా నుంచి పోయాకే పాత మాండేట్ రద్దు చెయ్యి. ముందే రద్దు చేస్తే ఆ నెల రెండు చోట్లా తప్పి, బౌన్స్ చార్జీ ఒకటి, సిబిల్ (అప్పుల రికార్డు)లో మచ్చ ఒకటి. సిప్‌కు ఫండ్ కంపెనీ జరిమానా వేయదు గానీ బ్యాంకు రిటర్న్ చార్జీ వేస్తుంది. వరుసగా మూడు నెలలు తప్పితే సిప్పే రద్దవుతుంది.

పీఎఫ్_పెద్దన్న
బదిలీ ఎలాగో కూడా రాసేస్తాను, మళ్లీ మళ్లీ అడుగుతారు.
చేరేటప్పుడు ఫారం 11 ఇస్తారు. అందులో పాత యూఏఎన్ తప్పకుండా రాయాలి, లేదంటే ఇంకో యూఏఎన్ పుట్టి రెండిటినీ కలపడానికి నెలలు పడుతుంది. అదే ఫారంలో ఇంతకుముందు పెన్షన్ స్కీములో ఉన్నారా అని ఉంటుంది. ఇక్కడే తప్పులు. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరేటప్పుడే బేసిక్ 15,000 దాటి ఉంటే పెన్షన్ స్కీము వర్తించదు. నీ మొదటి ఉద్యోగంలో బేసిక్ ఎంత?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
14,000 అన్నా.

పీఎఫ్_పెద్దన్న
అయితే నువ్వు పెన్షన్ సభ్యుడివి, ఇప్పుడు 32,000 అయినా అలాగే కొనసాగుతావు. కంపెనీ వాటా 3,840లో 1,250 పెన్షన్‌కు, 2,590 పీఎఫ్‌కు పోవాలి. కొత్త హెచ్‌ఆర్ బేసిక్ చూసి పెన్షన్ లేదని టిక్ పెడితే బదిలీ మధ్యలో ఇరుక్కుంటుంది. మొదటి నెల పాస్‌బుక్‌లోనే ఈ రెండు అంకెలు సరిచూసుకో.
తర్వాత మెంబర్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరువు. పాత కంపెనీ మానేసిన తేదీ వేసిందా? వేయకపోతే చివరి చందా పడ్డ రెండు నెలలకు మార్క్ ఎగ్జిట్ అన్నచోట నువ్వే వేసుకోవచ్చు. ఆ తేదీ రిలీవింగ్ లెటర్‌లోదే ఉండాలి. ఒకరోజు అటూఇటూ అయి పాత, కొత్త సర్వీసులు ఒకదానిమీద ఒకటి పడ్డాయా, అదో తలనొప్పి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పీఎఫ్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కూడా చూడు. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉండటం మన తెలుగువాళ్లకు మామూలే.
అప్పుడు ఆన్‌లైన్ సర్వీసెస్‌లో వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్, పాత ఐడీ ఎంచుకుని ఓటీపీ. ఆధార్ కలిసిన యూఏఎన్ అయితే 2025 జనవరి నుంచి చాలా కేసుల్లో కంపెనీ ఆమోదం కూడా అక్కర్లేదు.
బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పెన్షన్ గడి సున్నా చూపిస్తే గాబరా పడొద్దు. పెన్షన్‌లో డబ్బు కదలదు, సర్వీసు కాలం మాత్రమే కలుస్తుంది.

నెలాఖరు_నాగమణి
ఆ చివరి ముక్క చాలామందికి తెలియదు అన్నా, మంచి మాట చెప్పావు.

అమీర్‌పేట_అద్దె
కొత్త కంపెనీలో పీఎఫ్ 1,800కే పరిమితం చేసే ఆప్షన్ ఉందా అడుగు. 15,000 మీద 12 శాతం. నీ వాటాలో 2,040, కంపెనీ వాటాలో 2,040 జీతంలోకి వచ్చేస్తాయి. నెలకు 4,080. 24 నెలలకు 97,920. స్లాబులో అయిదో వంతు అక్కడే ఉంది. నీకు పన్ను ఎలాగూ పడదు కాబట్టి పీఎఫ్ వల్ల పన్ను లాభం కూడా లేదు.

పీఎఫ్_పెద్దన్న
నేను ఒప్పుకోను. 8.25 వచ్చేచోట నుంచి తీసి 6.5 వచ్చే బ్యాంకు డిపాజిట్‌లో వేయమంటున్నావు. చేతిలోకి వచ్చిన 4,080లో సగం స్విగ్గీకే పోతుంది.

అమీర్‌పేట_అద్దె
ఇల్లు 2027లో కట్టాలి అన్నా, 60 ఏళ్లకు కాదు. వడ్డీ ఎక్కువని అందని చోట పెట్టి, స్లాబుకు బయట నూటికి రెండు చొప్పున అప్పు తెస్తే లాభమేంటి? ఏడాదికి 24 శాతం అది.

హెచ్‌ఆర్_లోపలి_మాట
ఇద్దరి వాదనలోనూ పస ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కంపెనీ వాటా తగ్గిస్తే ఆ 2,040 స్పెషల్ అలవెన్సులో కలుపుతారా లేదా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చేరినప్పుడు ఎంచుకున్నది తర్వాత మార్చడానికి చాలాచోట్ల ఒప్పుకోరు.

చిట్టీల_చిన్నక్క
ఇక చిట్టీ. ఇప్పుడు పాడేసి డబ్బు తెచ్చుకుందామని ఉంటుంది నీకు. తొమ్మిదో నెలలో 20,000 తగ్గించి పాడితే చేతికి 80,000. దాన్ని 6.5 శాతం ఎఫ్‌డీలో 11 నెలలు పెట్టినా 84,767. పాడకుండా చివరిదాకా ఉంటే ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాళ్ల) కమిషన్ 5 శాతం పోను 95,000. పదివేలు పైగా తేడా. డివిడెండు (పాటలో తగ్గించినదాంట్లో అందరికీ పంచే వాటా) నీకు ఎలాగూ వస్తుంది, పాడినా పాడకున్నా.
పైగా పాడాక జామీను కావాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడి శాలరీ సర్టిఫికెట్ చాలా చిట్ కంపెనీలు తీసుకోవు, జామీనుదారుల కోసం బెజవాడ తిరగాల్సి వస్తుంది. ఆ చిట్టీ రిజిస్టరయిందేనా?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
అవునక్కా, రిజిస్టర్డే. పాస్‌బుక్ ఉంది.

చిట్టీల_చిన్నక్క
మంచిది. ఒప్పంద పత్రం నకలు కూడా నీ దగ్గర పెట్టుకో. కిస్తు యూపీఐలో కట్టి రసీదు అడుగు. తప్పితే పాడనివాళ్ల డివిడెండు కోసేస్తారు, ఇంకా తప్పితే పేరు తీసేసి వేరేవాళ్లను చేర్చుకుంటారు. ఈ నెల కూడా తప్పకు.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు 5 లక్షల లెక్క. నెలకు 61,500 వస్తే ఖర్చులు పోను 19,300 మిగులు.
మొదటి మూడు జీతాల మిగులు, అంటే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలవి, ఎక్కడా కట్టేయకు. 57,900 అవుతుంది. పాత కంపెనీ ఫుల్ అండ్ ఫైనల్ వచ్చాక అదీ ఇందులోనే కలుపు. ఇది ప్రొబేషన్ కోసం. ఉద్యోగం నచ్చకపోయినా, వాళ్లకు నువ్వు నచ్చకపోయినా, రెండు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. స్వీప్ ఎఫ్‌డీ (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండి, కావాలంటే వెంటనే తీసుకునేది) చాలు. లిక్విడ్ ఫండ్ అయినా సరే, అప్పటికప్పుడు తీసుకునే సదుపాయం ఉన్నవాటిలో రోజుకు 50,000 లేదా 90 శాతం, ఏది తక్కువైతే అది వస్తుంది.
2026 మార్చి నుంచి 21 నెలల బ్యాంకు ఆర్‌డీ, నెలకు 16,000. కట్టేది 3,36,000. 6.5 శాతం దొరికితే వడ్డీ సుమారు 20,000. చిట్టీ చివర 95,000. చిట్టీ అయిపోయాక ఆ 5,000 ఆపకుండా 12 నెలలు పక్కన పెడితే 60,000. మొత్తం 5,11,000.
బైక్ కిస్తులు అయిపోయాక వచ్చే 3,200 అత్యవసర నిధికి.

నెలాఖరు_నాగమణి
పోస్టాఫీసు ఆర్‌డీ 6.7 ఉంది కదా మాస్టారూ, బ్యాంకు ఎందుకు?

లెక్కల_మాస్టారు
అది అయిదేళ్లది నాగమణీ. మూడేళ్ల లోపు మూయనివ్వరు, మూడేళ్ల తర్వాత మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే. స్లాబు రెండేళ్లలో. పీపీఎఫ్ కూడా అంతే, 7.1 శాతం బాగానే ఉన్నా 15 ఏళ్లది, కొంత తీసుకోవాలన్నా ఏడో ఆర్థిక సంవత్సరం దాకా ఆగాలి. మంచి పథకాలే, ఈ పనికి పనికిరావు.

బెంజిసర్కిల్_బాబి
సిప్ 4,000ని 15,000 చేస్తే ఇంకా తొందరగా అవదా?

లెక్కల_మాస్టారు
అవచ్చు, సిమెంటు బస్తాలు దిగే నెలలోనే మార్కెట్ 20 శాతం పడనూవచ్చు. రెండేళ్ల అవసరానికి ఈక్విటీ (షేర్లు) వద్దు. ఆ 4,000 పదేళ్ల తర్వాతి దానికి, దాన్ని అలాగే ఉంచు.

హెచ్‌ఆర్_లోపలి_మాట
పన్ను గురించి ఒక హెచ్చరిక, ఇతనికి కాదు గానీ చదివే మిగతావాళ్లకు. ఏడాది మధ్యలో మారినవాళ్లు పాత జీతం వివరం ఫారం 12బీలో కొత్త కంపెనీకి ఇవ్వాలి. 2025-26 లెక్క చూడండి. పాతచోట ఆరు నెలలకు 6 లక్షలు, కొత్తచోట ఆరు నెలలకు 8 లక్షలు. ఇద్దరూ విడివిడిగా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, 12 లక్షల లోపే అని ఒక్క రూపాయీ కోయరు. కలిపితే 14 లక్షలు, డిడక్షన్ ఒక్కసారే, పన్ను పడే ఆదాయం 13,25,000. పన్ను 78,750, సెస్సుతో 81,900. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి కట్టాలి, పైన వడ్డీ. సంవత్సరం పాటు కూడబెట్టింది ఒక్క చలానాలో పోతుంది. ఇచ్చేస్తే మిగిలిన నెలల్లో కొంచెం కొంచెంగా కోస్తారు.

నెలాఖరు_నాగమణి
81,900! ఇది పిన్ చేయాల్సిన పోస్టు.

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
నాకు రెండూ కలిపినా 12.75 లక్షల లోపే. అయినా ఫారం ఇచ్చేస్తాను. ఇంకో సంగతి, ఆఫీసులో అందరూ రోజూ బయటే భోజనం. కొత్తవాణ్ణి, రానంటే వేరుగా చూస్తారేమో. మొదటి జీతం పార్టీ కూడా అడుగుతున్నారు.

అమీర్‌పేట_అద్దె
రోజుకు 250 చొప్పున 22 రోజులకు 5,500. నీ తిండి లెక్కలో ఇది లేదు. వారానికి ఒక్కరోజు, శుక్రవారం వాళ్లతో వెళ్లు, మిగతా రోజులు బాక్స్ తీసుకెళ్లి వాళ్ల టేబుల్ దగ్గరే కూర్చో. కలవాల్సింది మనుషులతో, బిల్లుతో కాదు. పార్టీకి సమోసాలు, టీ పెట్టు, టీమ్ మొత్తానికి వెయ్యిలో అయిపోతుంది.

చిట్టీల_చిన్నక్క
మిర్చిబజ్జీ అయినా సరే. బెజవాడ పరువు నిలబెట్టు 😊

హెచ్‌ఆర్_లోపలి_మాట
పని విషయంలో కూడా రెండు ముక్కలు. డబ్బు ప్రణాళిక అంతా ఆ జీతం మీదే నిలబడి ఉంది కాబట్టి. ప్రొబేషన్ ఎన్ని నెలలు, ఆ కాలంలో నోటీసు ఎంత, కన్ఫర్మేషన్ దేన్ని బట్టి ఇస్తారు, ఈ మూడూ లెటర్‌లో చూసుకో. మొదటి రెండు వారాల్లోనే మేనేజర్ని 90 రోజులకు నీ నుంచి ఏం ఆశిస్తున్నారో అడిగి, అదే సాయంత్రం మెయిల్‌లో రాసి పంపు. శుక్రవారం శుక్రవారం ఏం చేశావో అయిదు లైన్లు రాసి పెట్టుకో. కన్ఫర్మేషన్ ఫారం నింపేటప్పుడు చాలామందికి ఏమీ గుర్తురాదు, దాంతో గడువు పొడిగిస్తారు.
జాయినింగ్ బోనస్ తీసుకున్నావా?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
50,000 ఇస్తామన్నారు, మూడో నెల జీతంతో.

హెచ్‌ఆర్_లోపలి_మాట
ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని ఉంటుంది. అది ముట్టుకోకుండా ఏడాది ఎఫ్‌డీలో పడెయ్. ఏడాది దాటాకే నీది. టీడీఎస్ పడేవాళ్లకు చేతికి తక్కువ వస్తుంది, తిరిగి అడిగేది మాత్రం పూర్తి మొత్తమే, ఇదీ గమనించాలి.
అమ్మానాన్నలను గ్రూప్ ఇన్సూరెన్సులో చేర్చావా? పాత కంపెనీది 24తోనే అయిపోయింది. కొత్తచోట పేర్లు ఇవ్వడానికి గడువు చాలాచోట్ల 30 రోజులే. దాటితే పాలసీ రెన్యూవల్ దాకా ఆగాలి.

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
చేర్చలేదు. ఇప్పుడే పోర్టల్ తెరిచాను, నవంబరు 25 ఆఖరి తేదీ అని ఉంది. ఇవాళే చేస్తాను. సిప్ పాజ్ పెట్టేశాను, పేరోల్‌కు మెయిల్ కూడా పంపాను. పీఎఫ్ 1,800 సంగతి అడిగాక చెబుతాను. ఆర్‌డీ డెబిట్ 1వ తేదీ పెట్టనా?

బెంజిసర్కిల్_బాబి
1 వద్దు, 5 పెట్టు. నెలాఖరు ఆదివారమో బ్యాంకు సెలవో అయితే కొన్ని కంపెనీల జీతం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడుతుంది. ఈఎంఐ తేదీ ఎంత?

బెజవాడ_నుంచి_భాగ్యనగరం
7.

బెంజిసర్కిల్_బాబి
అయితే ఆర్‌డీ 8న పెట్టు. ముందు ఈఎంఐ పోనీ.